రూమ్‌లో తోపు.. జీడీలో మౌనం!

ఫ్రెండ్స్‌తో పాటల మీద, క్రికెట్ మీద గంటలకొద్దీ వాదిస్తాం. అదే గ్రూప్ డిస్కషన్‌లో కూర్చుంటే నోరు పెగలదు. ఎందుకిలా? తుర్కయాంజాల్‌లోని ఓ అద్దె గదిలో, ఓ పాత హెవీ మెటల్ ఆల్బమ్ మీద జరిగిన లొల్లి మాకు నేర్పిన సంగతులివి.

2019 వర్షాకాలం. మా బీటెక్ అయిపోయి రెండు నెలలు. సాగర్ రోడ్డుకు దగ్గర్లో, తుర్కయాంజాల్‌లో రెండో అంతస్తు గది. నలుగురం ఉండేవాళ్లం. ఒక ఫ్యాను, రెండు పరుపులు, ఒక బ్లూటూత్ స్పీకర్. పొద్దున్నే రోడ్డు మీద టీ తాగుతూ ఇబ్రహీంపట్నం బస్సుల్ని, ఆదిబట్ల వైపు పోయే ఐటీ ఉద్యోగుల క్యాబుల్ని చూసేవాళ్లం. ఆ క్యాబుల్లో మనమెప్పుడు ఎక్కుతామా అని ఎవరూ పైకి అనేవాళ్లు కాదు. లోపల మాత్రం అందరికీ అదే రంధి.

పేర్లెందుకు గానీ, మా గదిలో బ్రాంచిలతోనే పిలుచుకునేవాళ్లం. ఒకడు మెకానికల్, ఒకడు ఈసీఈ, ఒకడు సివిల్. నేను సీఎస్‌ఈ. సివిల్‌కి మర్నాడు ఓ కంపెనీలో గ్రూప్ డిస్కషన్ ఉంది. టెన్షన్ తగ్గుతుందని ఆ రాత్రి ఈసీఈ స్పీకర్‌లో బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ 'పారనాయిడ్' ఆల్బమ్ పెట్టాడు. ఆల్బమ్ అయ్యాక మెకానికల్ ఒక్క మాటన్నాడు.. ''ఇందులో 'వార్ పిగ్స్' ఒక్కటే పాట. మిగతాదంతా టైమ్‌పాస్.''

అంతే! రాత్రి పదింటికి మొదలైన లొల్లి పన్నెండున్నర దాకా సాగింది. మధ్యలో ఓనర్ ఆంటీ పైకొచ్చి తలుపు కొట్టింది. ''ఏంది బాబూ, కొట్లాడుకుంటున్నరా?'' ''లేదాంటీ, పాటల గురించి'' అన్నాం. ''పాటలకు గింత లొల్లా?'' అని నవ్వుకుంటూ దిగిపోయింది.

ఆ రాత్రి మా అందరి నోళ్లూ మూయించింది సివిల్. మర్నాడు మధ్యాహ్నం మొహం వేలాడేసుకుని గదికొచ్చిందీ సివిలే. పదిహేను నిమిషాల జీడీలో వాడు మాట్లాడింది ఒకే ఒక్క వాక్యం. అదీ సగంలో ఇంకొకరు అందుకున్నారట.

రాత్రి రెండున్నర గంటలు అనర్గళంగా వాదించినోడు, పొద్దున పదిహేను నిమిషాలు ఎందుకు మాట్లాడలేకపోయాడు? ఈ ప్రశ్నకు జవాబు దొరికాకే మా గదిలో పరిస్థితి మారింది.

నలుగురు కుర్రాళ్లు.. ఎనిమిది పాటలు

ముందు ఆ ఆల్బమ్ సంగతి కొంచెం చెప్పాలి. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీల ఊరు. అక్కడి ఆస్టన్ ప్రాంతంలో కార్మిక కుటుంబాల పిల్లలు నలుగురు కలిసి పెట్టిన బ్యాండ్ బ్లాక్ సబ్బాత్. పాడే ఓజీ ఆస్బోర్న్ అంతకుముందు కబేళాలో పనిచేశాడు. బాస్ గిటార్ వాయిస్తూ ఎక్కువ పాటలు రాసిన గీజర్ బట్లర్ అకౌంట్స్ ట్రైనీ. డ్రమ్స్ బిల్ వార్డ్. గిటార్ టోనీ అయోమీ.

అయోమీ కథ మీకు తెలిసే ఉండాలి. పదిహేడేళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీలో పని మానేసే చివరి రోజున, మెషీన్‌లో పడి కుడిచేతి రెండు వేళ్ల కొనలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం. అంటే గిటార్ తీగల్ని నొక్కాల్సిన వేళ్లే పోయాయన్నమాట. ఇక వాయించలేనని కుంగిపోతే, ఫ్యాక్టరీ ఫోర్‌మన్ జాంగో రైన్‌హార్ట్ రికార్డు ఒకటి తెచ్చి వినిపించాడు. అగ్నిప్రమాదంలో రెండు వేళ్లు దెబ్బతిన్నా, మిగతా వేళ్లతోనే అద్భుతంగా వాయించిన గిటారిస్టు ఆయన. దాంతో అయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. గిటార్‌కు సన్న తీగలు బిగించుకున్నాడు. మళ్లీ మొదలుపెట్టాడు.

1970 ఫిబ్రవరిలో వీళ్ల మొదటి ఆల్బమ్, అదే ఏడాది సెప్టెంబరు 18న రెండోదైన 'పారనాయిడ్' వచ్చాయి. రెండో దాంట్లో మొత్తం ఎనిమిది పాటలు. బ్రిటన్‌లో ఆల్బమ్ నంబర్ వన్ అయింది. హెవీ మెటల్ అనే సంగీతానికి పునాది వేసినవాటిలో ఒకటిగా దీన్ని ఇప్పటికీ చెప్పుకొంటారు.

ఇది మనకు దూరపు సంగీతమేం కాదు. 2011 అక్టోబరు 30న మెటాలికా బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో కచేరీ చేసింది. గాడ్‌లెస్ అనే డెత్ మెటల్ బ్యాండ్ పుట్టింది మన హైదరాబాద్‌లోనే. 2021లో 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' అనే ఆల్బమ్ కూడా తెచ్చింది.

'బెస్ట్' అంటే ఏంది?

మళ్లీ గదిలోకి వద్దాం. మొదటి అరగంట మేం చేసింది వాదన కాదు, అరుపులు. ''వార్ పిగ్స్ తోపు!'' ''పోరా, ఐరన్ మ్యాన్ ముందు అదెంత?'' ''టైటిల్ సాంగ్‌ని మర్చిపోయి మాట్లాడుతున్నారేంట్రా!'' ఎవరి గొంతు పెద్దదైతే వాళ్లదే పైచేయి. అప్పటిదాకా ఊరకున్న సివిల్ అడిగాడు.. ''ఆగుండ్రి. బెస్ట్ అంటే ఏందో ముందు చెప్పుండ్రి. ఎక్కువ మందికి తెలిసిందా? రాసుడు బాగున్నదా? వాయించుడు బాగున్నదా? నలుగురు నాలుగు లెక్కలతోటి కొట్లాడుతున్నరు.''

నిజమే కదా! అక్కడి నుంచి లొల్లి కాస్త చర్చగా మారింది.

మెకానికల్ లెక్క: విషయం. 'వార్ పిగ్స్' దాదాపు ఎనిమిది నిమిషాల పాట. యుద్ధాలు మొదలుపెట్టే పెద్దలు వెనకుంటారు, చచ్చేది పేదోడు అన్నదే దాని సారం. వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజుల్లో వచ్చింది. ముందు 'వాల్‌పుర్గిస్' పేరుతో వేరే మాటలతో పాడేవాళ్లు, తర్వాత తిరగరాశారు. అసలు ఆల్బమ్‌కి కూడా ముందనుకున్న పేరు 'వార్ పిగ్స్' అట. ''కంపెనీ పేరు మార్చింది గానీ, అట్ట మీద కత్తి పట్టుకున్నోడి బొమ్మ అట్లనే ఉంది చూడు'' అని ఫోన్‌లో చూపించాడు.

నా లెక్క: తక్కువలో ఎక్కువ చెప్పడం. 'పారనాయిడ్' మూడు నిమిషాలు కూడా ఉండదు. పైగా ఆల్బమ్ నిడివి సరిపోలేదని, ఖాళీ పూడ్చడానికి చివర్లో గబగబా కట్టిన పాట. అదే సింగిల్‌గా బ్రిటన్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లింది. ''ఫిల్లర్ అనుకున్నదే ఆల్బమ్‌కి పేరైంది. ఇంతకన్నా ఏం కావాలి?'' అన్నాను.

ఈసీఈ లెక్క: ధ్వని. 'ఐరన్ మ్యాన్'లో గిటార్ వరస ఒక్కసారి వింటే జన్మలో మర్చిపోలేం. కథ కూడా సినిమాకు సరిపోయేదే. కాలంలో ముందుకెళ్లి ప్రపంచం నాశనమవడం చూసి, తిరిగొస్తూ ఇనుముగా మారిపోయినోడు. వాడి హెచ్చరికను ఎవరూ పట్టించుకోరు. చివరికి వాడే నాశనానికి కారణమవుతాడు.

తప్పు ఒప్పుకొంటే విలువ తగ్గదు

ఇక్కడే ఓ ముఖ్యమైన సంగతి జరిగింది. ఈసీఈ ఊపులో ఓ మాటన్నాడు.. ''అయోమీ వేళ్లు తెగినయ్ కాబట్టి తీగల బిగువు తగ్గించి, శ్రుతి కిందికి దించిండు. అందుకే ఈ ఆల్బమ్‌కి గింత బరువైన సౌండ్ వచ్చింది.''

వినడానికి భలే ఉంది. మేం ముగ్గురం తలూపేశాం కూడా. మెకానికల్‌కు మాత్రం అనుమానం వచ్చి వెతికాడు. తేలిందేంటంటే, శ్రుతి దించడం గట్టిగా వినిపించేది 1971లో వచ్చిన 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' ఆల్బమ్‌లో. 'పారనాయిడ్' నాటికి గిటార్ మామూలు శ్రుతిలోనే ఉంది. ఈసీఈ ఒక్క క్షణం ఆగి, ''కరెక్టే. ఆ మాట వెనక్కి తీసుకుంటున్న. కానీ సన్న తీగలు, వేళ్ల తొడుగులు అయితే నిజం కదా? ఆ వాయించే పద్ధతి మీద నా పాయింట్ నిలబడ్తది'' అన్నాడు.

గమనించారా? తప్పు పట్టుకున్నారని వాడు గొంతు పెంచలేదు. ముడుచుకుపోలేదు కూడా. తప్పున్న ముక్క వదిలేసి, నిలబడే ముక్క పట్టుకున్నాడు. ఆ తర్వాత వాడేం చెప్పినా మాకు నమ్మబుద్ధేసింది.

లైటు ఆపి వినండి

చివరికి సివిల్ వంతు. వాడు చెప్పిన పాట 'ప్లానెట్ క్యారవాన్'. మేం నవ్వాం. హెవీ మెటల్ ఆల్బమ్‌లో అదొక్కటే మెత్తని పాట. చేత్తో వాయించే కాంగా డ్రమ్ములు, తిరిగే స్పీకర్ గుండా పంపిన ఓజీ గొంతు, అంతరిక్షంలో తేలిపోతున్నట్టు ఉంటుంది.

సివిల్ మాతో వాదించలేదు. ''నాలుగు పాటలు వరసగా పెడ్త. లైటు ఆపుండ్రి. ఎవ్వరూ మాట్లాడొద్దు'' అన్నాడు. మొదట 'వార్ పిగ్స్'. వెంటనే 'పారనాయిడ్' పరుగు. తర్వాత 'ప్లానెట్ క్యారవాన్'.. గది మొత్తం నెమ్మదించింది. కిటికీ బయట వాన చప్పుడు కూడా వినిపించింది. అది అయిపోగానే చీకట్లో 'ఐరన్ మ్యాన్' మొదటి డ్రమ్ దెబ్బలు. ఉలిక్కిపడ్డాం.

లైటేసి సివిల్ అన్నాడు.. ''ఇప్పుడు మళ్లీ పెడ్త, క్యారవాన్ తీసేసి.'' పెట్టాడు. 'పారనాయిడ్' తర్వాత నేరుగా 'ఐరన్ మ్యాన్'. అదే పాట, అదే స్పీకర్. కానీ ఆ దెబ్బలో బరువు సగమైపోయింది. ''మీరు ఏది గొప్ప పాట అని అడుగుతున్నరు. నేను ఏది తీసేస్తే బిల్డింగ్ కూలుతది అని అడుగుతున్న. పిల్లర్ ఎవ్వరికీ కనబడది. గోడకేసిన రంగే కనబడ్తది.''

సివిల్ ఇంజినీర్ మాట! ఎవరం ఏం మాట్లాడలేకపోయాం. నేను నా ఓటు మార్చుకున్నాను.

పదిహేను నిమిషాల తర్వాత

అలాంటోడు మర్నాడు జీడీలో ఒక్క వాక్యంతో తిరిగొచ్చాడు. టాపిక్ ఏంటంటే, పెద్ద నగరాలు మంచివా, చిన్న పట్టణాలు మంచివా అని. ''ఇంగ్లిష్ రాక కాదు మామా. పది మంది ఒకేసారి మొదలుపెట్టిన్రు. నేను ఎక్కడ దూరాల్నో తెల్వలే'' అన్నాడు సివిల్.

నాకూ అప్పటికే రెండు జీడీలు పోయాయి. ఇంగ్లిష్ వల్లే అని నాకు నేను చెప్పుకొన్నాను. ఆ సాయంత్రం మెకానికల్‌కు ఓ ఐడియా వచ్చింది. రాత్రి చర్చనే మళ్లీ చేద్దాం. అదే ఆల్బమ్, అదే టాపిక్. కానీ ఇంగ్లిష్‌లో, ఫోన్‌లో పదిహేను నిమిషాల టైమర్ పెట్టి, రికార్డ్ చేస్తూ.

రికార్డింగ్ విన్నాక నా మొహం మాడిపోయింది. ఎదుటివాళ్లు వాక్యం పూర్తి చేయకముందే నేను పదకొండుసార్లు అడ్డొచ్చాను. 'యాక్చువల్లీ' అన్న మాటకైతే లెక్కే లేదు. అంత మాట్లాడినా, ఎవరి పాయింట్ మీదా నేను ఇంకో పాయింట్ కట్టలేదు. నాది నేను చెప్పుకుంటూ పోయాను. సివిల్ గొంతు మొత్తం కలిపి నిమిషం కూడా లేదు. వాడు మొదలుపెట్టిన ప్రతిసారీ కత్తిరించింది ఎవరో కాదు, నేనే.

అప్పుడర్థమైంది. ముందురోజు రాత్రి సివిల్ బాగా మాట్లాడాడంటే కారణం వాడి తెలివి ఒక్కటే కాదు. మేం విన్నాం. వాడి ప్రశ్నకు చోటిచ్చాం. జీడీలో ఎవరూ చోటివ్వరు, మనమే సంపాదించుకోవాలి. వాడు నేర్చుకోవాల్సింది చోటు తీసుకోవడం. నేను నేర్చుకోవాల్సింది చోటివ్వడం. ఇద్దరి జబ్బూ 'ఇంగ్లిష్' కాదు.

తర్వాత నెలన్నర, వారానికి రెండుసార్లు అదే పని. సివిల్‌కు మేం చెప్పింది ఒక్కటే.. ''నీకు బాగా వచ్చిన ప్రశ్న ఉందిగా, అదే ముందు వెయ్యి.'' పెద్ద నగరమా, చిన్న పట్టణమా అంటే, 'ఎవరికి మంచిది? ఉద్యోగం వెతుక్కునేవాడికా, రిటైరైన తండ్రికా?' అని మొదటి రెండు నిమిషాల్లోనే అడగడం. అలా అడిగితే మిగతావాళ్లు దానికి జవాబు చెప్పాల్సి వస్తుంది. చర్చ నీ గీతల మధ్య నడుస్తుంది.

మరో రెండు జీడీల్లో సివిల్ గట్టెక్కలేదు. ఆ తర్వాతి దాంట్లో గట్టెక్కాడు. టెక్నికల్ రౌండ్ వాడి చదువు దాటించింది. జీడీ ఒక్కటే ఉద్యోగం ఇవ్వదు. రాత పరీక్ష, కోడింగ్, ఇంటర్వ్యూ అన్నీ ఉంటాయి. కొన్ని కంపెనీలు జీడీ పెట్టవు కూడా. కానీ టీమ్ మీటింగులో ప్రతిరోజూ జరిగేది ఇదే. ఇవాళ నేర్చుకుంటే ఎక్కడికీ పోదు.

మీరూ ఇలా చేయొచ్చు

నలుగురు చాలు. ఖర్చు లేదు. మేం పాటించిన పద్ధతి ఇదీ:

• అందరికీ తెలిసిన, ఎవరికీ పంతం లేని టాపిక్‌తో మొదలుపెట్టండి. తెలుగు సినిమా ఆల్బమ్ అయితే పాట కన్నా ముందు హీరో వచ్చేస్తాడు. చర్చ ఫ్యాన్ వార్ అవుతుంది. మాకు బర్మింగ్‌హామ్ బ్యాండ్ కలిసొచ్చింది అందుకే. మీరు ఒక ఫోన్ మోడల్, ఒక వంటకం, ఒక పాఠ్యపుస్తకం.. ఏదైనా తీసుకోండి.

• మొదటి రెండు నిమిషాల్లో కొలబద్ద తేల్చండి. 'బెస్ట్', 'మంచి', 'అవసరం' లాంటి మాట టాపిక్‌లో ఉంటే, దేని ప్రకారం అని అడగండి.

• 'నాకు నచ్చింది' అన్న ప్రతిసారీ 'ఎందుకంటే' చేర్చండి. కారణం చెప్పలేకపోతే ఆ పాయింట్ వదిలేయండి.

• ఎదుటివాళ్ల మాటను ఒక వాక్యంలో చెప్పి, దాని మీద మీది కట్టండి. 'ఆయన విషయం గురించి చెప్పారు, నేను వరస గురించి చెప్తాను' అన్నట్టు.

• తెలియని అంకె, ఖాయం కాని విషయం చెప్పొద్దు. తప్పు దొరికితే వెంటనే ఒప్పుకొని, నిలబడే ముక్కతో ముందుకెళ్లండి.

• రికార్డ్ చేసి వినండి. ఎవరు ఎంతసేపు మాట్లాడారు, ఎన్నిసార్లు అడ్డొచ్చారు అన్నది లెక్కేయండి. మొదటిసారి సిగ్గేస్తుంది. పర్లేదు.

• మొదటి వారం తెలుగులో, తర్వాత ఇంగ్లిష్‌లో. ఆలోచన కుదిరాక భాష మార్చడం తేలిక. రెండూ ఒకేసారి పెట్టుకుంటే రెండూ తడబడతాయి.

రెజ్యుమెలో 'మ్యూజిక్' ఉందా?

ఇంకో చిన్న మాట. చాలామంది హాబీల దగ్గర 'లిజనింగ్ టు మ్యూజిక్' అని రాసేస్తాం. మెకానికల్ కూడా రాశాడు. ఇంటర్వ్యూలో అడిగారట, ''ఏ ఆల్బమ్ ఇష్టం? ఎందుకు?'' అని. మన గది చర్చ మొత్తం రెండు నిమిషాల్లో చెప్పి, చివర్లో ''ఈ విషయంలో నా ఫ్రెండ్ ఒప్పుకోడు. వాడి కారణం ఇదీ'' అన్నాడట. ప్యానెల్‌లో ఒకాయన నవ్వి, ''మరి మీ ఫ్రెండ్ కరెక్టేమో కదా?'' అన్నాడు. పది నిమిషాలు హాయిగా మాట్లాడుకున్నారు. హాబీ రాశారంటే తర్వాతి ప్రశ్నకు సిద్ధంగా ఉండండి. లేదంటే ఆ లైను తీసేయండి.

ఇంకా తేలని లెక్క

ఇప్పుడు నలుగురం నాలుగు చోట్ల ఉన్నాం. 2025 జులై 5న బర్మింగ్‌హామ్‌లోని విల్లా పార్క్ స్టేడియంలో బ్లాక్ సబ్బాత్ పాత నలుగురూ కలిసి ఆఖరి కచేరీ చేశారు. మొత్తం నాలుగే పాటలు. వాటిలో మూడు.. 'వార్ పిగ్స్', 'ఐరన్ మ్యాన్', 'పారనాయిడ్'.. ఈ ఆల్బమ్‌లోవే. 'ప్లానెట్ క్యారవాన్' లేదు. ఆ తర్వాత పదిహేడు రోజులకే, జులై 22న ఓజీ కన్నుమూశాడు.

ఆ రాత్రి మా వాట్సాప్ గ్రూపు చాలాకాలం తర్వాత మోగింది. కాసేపు అందరం పాత రోజులు తలచుకున్నాం. తర్వాత మెకానికల్ ఊరుకోలేదు. ''చూసినవా సివిల్? బ్యాండోళ్లే మా మూడు పాటలు ఎంచుకున్నరు. నీ పిల్లర్ యాడపాయె?''

సివిల్ నుంచి జవాబు పది నిమిషాల తర్వాత వచ్చింది. ''స్టేడియంలో జనం అందరూ కలిసి పాడే పాటలు కావాలి. ఆడ ప్రశ్న వేరు, మన గదిలో ప్రశ్న వేరు. ముందు బెస్ట్ అంటే ఏందో చెప్పుండ్రి.''

తుర్కయాంజాల్ గదిలో అడిగిన అదే ప్రశ్న. ఇప్పుడు వాడు తన ఆఫీసు మీటింగుల్లో కూడా దాంతోనే మొదలుపెడతాడట. మీ తర్వాతి జీడీలో అందరూ అరుస్తున్నప్పుడు, మీరూ ఓసారి అది అడిగి చూడండి.